బొమ్మతోపాటు చిట్టా



డ్రాయింగు మాస్టారి పేరిట జరిగే స్మారక సభలో కంప్యూటర్ బొమ్మల పోటీ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేదు గాని, కాసేపు ఊరుకుండిపోయారు. రవివర్మ గురించో, దామెర్ల రామారావు గురించో చెబుతానని అనుకుని ఉంటారు. వాళ్ల గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేను ఎంచుకున్న పోటీకి మ్యూజియం అండ లేదు, ప్రదర్శనశాల లేదు, చెప్పుకోదగ్గ నగదు బహుమతీ లేదు. 1990ల నడుమ మొదలై 2006లో ఆగిపోయింది. పేరు ఇంటర్నెట్ రే ట్రేసింగ్ కాంపిటిషన్. ఐ.ఆర్.టి.సి. అనేవాళ్లు. మాట్ క్రూజ్ అనే అమెరికన్ కుర్రవాడు సరదాకి మొదలుపెట్టాడు. తర్వాత మరికొందరు చేయి కలిపారు. ఇంత చిన్న సంగతికి ఒక స్మారకోపన్యాసం ఎందుకంటే, ఆన్‌లైన్ కళా పోటీలన్నీ ఇవాళ తలలు పట్టుకుంటున్న, ‘ఈ బొమ్మ ఎలా తయారైంది’ అనే ప్రశ్నకు ఈ పోటీ ఎప్పుడో, పెద్ద హడావిడి లేకుండా, ఒక సమాధానం చెప్పింది. ఆ సమాధానం అందరికీ పనికొస్తుందని నేననను. కానీ అది ఏమిటో తెలుసుకోవాలి.

ముందు రే ట్రేసింగ్ సంగతి. 1525లో జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్ కొలతల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో ఒక చెక్కబ్లాకు బొమ్మ ఉంది. బల్ల మీద వీణలాంటి వాద్యం ఒకటి, ల్యూట్, పడుకోబెట్టి ఉంటుంది. గోడకు కొట్టిన కొక్కెం గుండా ఒక దారం వస్తుంది. దాని ఒక చివర బరువు వేలాడుతుంటుంది. రెండో చివరకు ముల్లు కట్టి ఒకతను ఆ ల్యూట్ మీద ఒక్కొక్క బిందువునూ తాకుతుంటాడు. మధ్యలో నిలబెట్టిన చట్రంలోంచి దారం ఎక్కడ దూరి వెళ్తున్నదో ఇంకొకతను గుర్తుపెట్టుకుంటాడు. దారం తప్పించి, చట్రానికి తలుపులా బిగించిన కాగితాన్ని మూసి, అక్కడ చుక్క పెడతాడు. ఇలా చుక్క తర్వాత చుక్క. గోడకున్న కొక్కెమే చూసేవాడి కన్ను. దారమే చూపు.

కంప్యూటర్ చేసేదీ ఇదే, కాకపోతే దారం ఇటునుంచి బయల్దేరుతుంది. కంటి నుంచి తెర మీది ప్రతి చుక్కలోంచీ ఒక గీతను దృశ్యంలోకి వదులుతుంది. అది దేనికి తగిలితే దాని రంగు తెస్తుంది. అద్దానికి తగిలితే వెనక్కి మళ్లుతుంది, గాజైతే వంగి లోపలికి పోతుంది. తగిలిన చోటు నుంచి దీపం వైపు ఇంకో గీత లాగి, దారిలో ఏదైనా అడ్డముంటే అక్కడ నీడ అని తేలుస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో టర్నర్ విటెడ్ ఈ పద్ధతిని 1980లో ప్రచురించాడు. ఆయన వేసిన బొమ్మలో ఎరుపు పసుపు గళ్ల నేల మీద తేలుతున్నట్టు రెండు గోళాలుంటాయి, ఒకటి గాజుది, ఒకటి అద్దంలాంటిది. ఆ ఒక్క బొమ్మకు అప్పటి వాక్స్ కంప్యూటర్‌కు 74 నిమిషాలు పట్టింది. ఆ గళ్ల నేల, ఆ మెరిసే గోళం తర్వాత ఇరవై ఏళ్లపాటు ఔత్సాహికులను వదల్లేదు. కొత్తగా నేర్చుకున్న ప్రతివాడూ ముందు ఒక అద్దపు గోళం వేసి తీరాల్సిందే. మన పిల్లలందరూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక కొబ్బరి చెట్టు వేసినట్టు.

ఇళ్లలోకి ఈ విద్య రావడానికి కారణం ఉచితంగా దొరికిన ఒక ప్రోగ్రాం. డేవిడ్ బక్ అనే కెనడియన్ 1980ల్లో అమిగా కంప్యూటర్ కోసం డి.కె.బి.ట్రేస్ అని ఒకటి రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని, కంప్యుసర్వ్ అనే ఆన్‌లైన్ సేవ మీద కలుసుకున్న కొందరు 1991లో పోవ్-రే తయారుచేశారు. ఇందులో మౌసుతో బొమ్మ గీయడం ఉండదు. దృశ్యాన్ని మాటల్లో, అంకెల్లో రాయాలి. ఇక్కడొక గోళం, దాని కేంద్రం ఇది, వ్యాసార్థం ఇంత, పైపూత ఇలాంటిది, అక్కడొక దీపం, ఈ చోట కెమెరా, అది చూస్తున్నది అటు. రాసింది ప్రోగ్రాం చేతికిచ్చి పడుకోవాలి. పొద్దున లేచేసరికి బొమ్మ ఉండవచ్చు, లేకపోతే సగమే పూర్తయి ఉండవచ్చు. 486 చిప్ కంప్యూటర్ల రోజుల్లో ఒక్క బొమ్మకు రెండు మూడు రోజులు పట్టడం వింత కాదు. బొమ్మ వేయడానికి వ్యాసం రాయాల్సి రావడం చిత్రకారులకు విడ్డూరంగా తోచింది. ప్రోగ్రాం రాసేవాళ్లకు మాత్రం, తాము రాసిన దానికి నీడ పడటం అదే మొదటిసారి.

పోటీ ఈ జనం కోసం పుట్టింది. నిశ్చల చిత్రాలకు రెండు నెలలకొక విడత, కదిలే బొమ్మలకు మూడు నెలలకొకటి. విడతకొక అంశం. రుసుం లేదు. ఏ దేశం వాళ్లైనా పంపవచ్చు, ఏ రే ట్రేసింగ్ ప్రోగ్రామైనా వాడవచ్చు. మార్కులు మూడు వైపుల నుంచి: కళగా ఎలా ఉంది, సాంకేతికంగా ఎలా ఉంది, ఇచ్చిన అంశాన్ని ఎంత కొత్తగా ఆలోచించారు. ఓటు వేసినవాళ్లు చాలావరకు తామూ బొమ్మలు కట్టేవాళ్లే. మార్కుతోపాటు వ్యాఖ్య రాసేవాళ్లు, ఆ వ్యాఖ్యలు అందరూ చదివేలా ఉండేవి. ఓడినవాడికి కూడా ఎందుకు ఓడాడో పది మంది చెప్పేవాళ్లు.

ఇంతవరకు విశేషమేం లేదు. విశేషం ఉన్నది రెండు నియమాల్లో.

ఒకటి, బొమ్మ తయారయ్యాక దాన్ని ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి దిద్దకూడదు. మూలన సంతకం లాంటివి పెట్టుకోవచ్చు. నీడ చాలలేదని కాస్త నలుపు పూయడం, ముఖం బాగా రాలేదని మెరుపు అద్దడం, ఇవేవీ కుదరవు. నీడ చాలకపోతే దీపాన్ని జరపాలి. అంటే వెనక్కి వెళ్లి రాతలో అంకె మార్చి, మళ్లీ రాత్రంతా యంత్రాన్ని నడపాలి. హైదరాబాదులో ఇవాళ సినిమాలకు వి.ఎఫ్.ఎక్స్. చేసే పిల్లలకు ఈ నియమం చెబితే నవ్వుతారు. వాళ్ల పనిలో సగం కాంపోజిటింగే. పొర మీద పొర వేసి చివరి నిమిషం దాకా సరిదిద్దుతూనే ఉంటారు. వాళ్ల ముందున్నది ప్రేక్షకుడు, ఈ పోటీవాళ్ల ముందున్నది తోటి పనివాడు. కుంచెను నిషేధించిన చిత్రకళా పోటీ ఇదొక్కటేనేమో అనిపిస్తుంది నాకు.

రెండోది, బొమ్మ వెంట ఒక రాతఫైలు తప్పనిసరి. దాని నమూనా వాళ్లే ఇచ్చారు. పేరు, దేశం, బొమ్మ పేరు, వాడిన ప్రోగ్రాం, వాడిన ఇతర పనిముట్లు, యంత్రం ఎలాంటిది, గణనకు పట్టిన సమయం ఎంత, బొమ్మలో ఉన్నదేమిటి, చివరగా ఈ బొమ్మను ఎలా తయారుచేశారు. ఆ చివరి గడిలో కొందరు రెండు వాక్యాలతో సరిపెట్టారు, కొందరు పేజీలకు పేజీలు రాశారు. ఇటుకగోడలో ఒక్కో ఇటుకనీ కొద్దిగా వంకరగా పెట్టే చిన్న ప్రోగ్రాం రాశానని ఒకరు; చెట్టు తన సొంతం కాదు, ఫలానా వారి ఉచిత ప్రోగ్రాంతో పెంచాను అని మరొకరు; కుర్చీ నమూనా నెట్‌లో దొరికింది, మిగతాదంతా నాదే అని ఇంకొకరు. ఇష్టమున్నవాళ్లు మొత్తం మూలరాతను కూడా జతపరిచేవాళ్లు. అప్పుడు ఎవరైనా దాన్ని దించుకుని, తమ యంత్రం మీద నడిపి, అదే బొమ్మను చుక్క పొల్లుపోకుండా రాబట్టవచ్చు.

మొదటి చూపుకు ఇదొక ఫారం. వాడుకలో అది బడి అయింది. నీటి మీద అలలు ఎలా వస్తాయో, పొగమంచు ఎలా పడుతుందో, పాత ఇనుముకు తుప్పు ఎలా పూయాలో ఈ రాతఫైళ్లలోంచే ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఫ్రాన్సుకు చెందిన జిల్ ట్రాన్ లాంటివాళ్లు ఈ పోటీ ద్వారానే ఔత్సాహికుల్లో పేరు తెచ్చుకున్నారు. వాళ్ల బొమ్మలు ఎంత చూశారో, వాళ్లు పక్కన రాసినవి అంత చదివారు. గెలిచినవాడి కిటుకు రెండు నెలల్లో అందరి కిటుకు అయ్యేది. కాబట్టి వచ్చే విడతకు గెలవాలంటే కొత్తదేదో వెతుక్కోవాలి. రహస్యం దాచుకుంటే నష్టమనీ, చెప్పేస్తే పరువు పెరుగుతుందనీ అనిపించే ఏర్పాటు అది. మన దగ్గర రంగుల పాళ్లు కొడుక్కి తప్ప శిష్యుడికి చెప్పని కుటుంబాల గురించి మాస్టారు విసుక్కునేవారని ఇందాక ఒకాయన అన్నారు. ఆయనకు ఈ పోటీ నచ్చి ఉండేది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఐ.ఆర్.టి.సి. బొమ్మల్లో కళగా నిలిచేవి తక్కువే. కోటలు, అంతరిక్ష నౌకలు, డ్రాగన్లు, ఎవరూ లేని గదుల్లో తళతళలాడే గాజు సామాను. మనుషులు దాదాపు కనపడరు, ఎందుకంటే గోళాన్ని రాసినంత తేలిగ్గా బుగ్గను రాయలేం. ఓటర్లు కూడా పనివాళ్లే కాబట్టి కష్టానికి మార్కులు వేశారు. ఎంతో శ్రమపడి కట్టిన నిర్జీవమైన బొమ్మ, తేలిగ్గా వచ్చిన చక్కని బొమ్మను చాలాసార్లు దాటిపోయింది. దీనికి విరుగుడు అదే జనంలోంచి వచ్చింది: పోవ్-రే వాళ్లకే ఇంకో చిన్న పోటీ ఉండేది, దృశ్యమంతా 256 బైట్లలో, అంటే సుమారుగా అన్ని అక్షరాల్లో, రాయాలి. అక్కడ శ్రమ దాచడానికి చోటే లేదు. నాకు ఆ బొమ్మలే ఎక్కువ ఇష్టం.

ఈ బొమ్మలు మనదాకా రావడం మాటకొస్తే, మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. అనే సంస్థ ద్వారా మొదలైంది, అదీ నాలుగు మహానగరాల్లో. మోడెం కూత, తెగిపోయే లైను, గంటల లెక్కన కొనుక్కునే నెట్. ఆ రోజుల్లో ఒక్కో బొమ్మ తెర మీద పైనుంచి కిందికి వరుస వరుసగా దిగేది. రాతఫైలు మాత్రం చటుక్కున వచ్చేది. బొమ్మ కంటే ముందు దాని కథ చదివే అలవాటు మనలాంటి వాళ్లకు అలా వచ్చింది.

ఇక అదే కాలంలో మరో చోట, డబ్బూ హోదా ఉన్నవాళ్లు పెట్టిన పోటీ ఏమైందో చూడండి.

1997లో జర్మనీలోని హాంబుర్గ్ కళా మ్యూజియం తన కొత్త సమకాలీన కళా విభాగం తరఫున ‘ఎక్స్‌టెన్షన్’ పేరుతో ఇంటర్నెట్ కళకు అంతర్జాతీయ పోటీ ప్రకటించింది. ఒక మ్యూజియం నెట్ కళకు పోటీ పెట్టడం అదే మొదలు అంటారు. కోర్నేలియా జోల్‌ఫ్రాంక్ అనే కళాకారిణికి ఇది నచ్చలేదు. నెట్ కళ అనేది చట్రం బిగించి గోడకు తగిలించేది కాదని, మ్యూజియం దాన్ని పాత పద్ధతిలోనే మింగేయాలని చూస్తున్నదని ఆమె ఉద్దేశం. ఆమె వ్యాసం రాయలేదు. దరఖాస్తులు పెట్టింది. రెండు వందలకు పైగా మహిళా కళాకారులను కల్పించింది, ఏడు దేశాల్లో, ఒక్కొక్కరికీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, పనిచేసే ఈ-మెయిల్ సహా. వాళ్ల ‘కళాఖండాలు’ ఒక చిన్న ప్రోగ్రాం తయారుచేసింది: వెబ్ మీద ఉన్న పేజీలను వెతికి, ముక్కలు చేసి, కలగాపులగంగా అతికించడమే దాని పని.

మ్యూజియం మురిసిపోయింది. 280 దరఖాస్తులు వచ్చాయనీ, అందులో మూడింట రెండు వంతులు మహిళలవేననీ పత్రికలకు ప్రకటించింది. బహుమతులు ముగ్గురికి ఇచ్చింది. ముగ్గురూ మగవాళ్లే. అప్పుడు జోల్‌ఫ్రాంక్ అసలు సంగతి బయటపెట్టింది. ఆ చర్యకు ఆమె పెట్టిన పేరు ‘ఫిమేల్ ఎక్స్‌టెన్షన్’.

ఈ కథను సాధారణంగా స్త్రీవాద విజయంగా చెబుతారు, అది న్యాయమే. నాకు ఇందులో ఇంకో సంగతి కనపడుతుంది. అన్ని వందల దరఖాస్తుదారుల్లో ఒక్కరినైనా, ఇది ఎలా చేశావమ్మా అని జ్యూరీ అడిగి ఉంటే నాటకం అక్కడే ముగిసేది. అడగలేదు. కళాఖండం చూశారు, పేరు చూశారు, దేశం చూశారు. అదే 1997లో, మ్యూజియం గడప తొక్కని కుర్రాళ్లు నడిపిన ఐ.ఆర్.టి.సి.లో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా బొమ్మ లోపలికే రాదు.

మరి బొమ్మ ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి తపాలా రోజుల్లో ఏం చేశారు? కార్టూనిస్టు శంకర్ 1949లో ఢిల్లీలో మొదలుపెట్టిన పిల్లల చిత్రలేఖన పోటీ కొద్దికాలంలోనే అంతర్జాతీయమైంది. మన బళ్ల నుంచీ బొమ్మలు చుట్టలు చుట్టి పంపినవాళ్లు ఈ సభలో ఉండకపోరు. అలాంటి పోటీల్లో బొమ్మ వెనక బిడ్డ పేరు, వయసు ఉంటాయి. ఇది బిడ్డ సొంతంగా వేసిందేనని టీచరో తండ్రో పూచీ ఇస్తారు. నమ్మకం మనిషి మీద నిలిచింది. కాగితం కూడా సాక్ష్యం చెప్పేది: చెరిపిన గుర్తులు, తడి ఆరకముందే తగిలిన వేలి ముద్ర, రంగు చాలక మధ్యలో మారిన నీలం. ఫైలుకు ఇవేవీ ఉండవు. ఆస్ట్రియాలోని లింజ్‌లో 1987 నుంచి ఇస్తున్న ఆర్స్ ఎలక్ట్రానికా బహుమతి ఈ చిక్కును ఇంకో వైపు నుంచి తప్పించుకుంది: 1999లో ఇంటర్నెట్ విభాగపు బంగారు విగ్రహాన్ని లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గాను లైనస్ టోర్వాల్డ్స్‌కు ఇచ్చింది. చిత్రకారులు గొడవ పెట్టారు. ఏ వరుస ఎవరు రాశారో తెరిచి చూసుకోగల పనికి కళా బహుమతి రావడం నాకైతే అంత అన్యాయంగా తోచదు.

2006లో ఐ.ఆర్.టి.సి. ఆగింది. గొడవలేం జరగలేదు. జనం పలచబడ్డారు. మౌసుతో నమూనాలు మలిచే సాఫ్ట్‌వేర్లు చౌకయ్యాయి, కొన్ని ఉచితమయ్యాయి. బొమ్మ పెట్టగానే మెచ్చుకోళ్లు కురిసే వేదికలు వచ్చాయి. రెండు నెలలు ఆగి, ఫారం నింపి, తోటివాళ్ల చేత తిట్లు తినే ఓపిక ఎవరికుంటుంది?

తర్వాతి ముచ్చట మీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర సంతలో డిజిటల్ కళ విభాగంలో జేసన్ అలెన్ అనే ఆయనకు మొదటి బహుమతి, 300 డాలర్లు, వచ్చింది. బొమ్మ మిడ్‌జర్నీ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఇచ్చింది. ఆయన దాచలేదు, దరఖాస్తులో ఆ పేరు రాశాడు; అదేమిటో న్యాయనిర్ణేతలకు తెలియలేదు, తెలిసినా ఇచ్చేవాళ్లమని తర్వాత అన్నారు. 2023లో సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పోటీలో బోరిస్ ఎల్డాగ్‌సెన్ ఒక విభాగంలో గెలిచి, ఇది ఫొటో కాదు, యంత్రం పుట్టించిన బొమ్మ, నాకీ బహుమతి వద్దు అని లండన్ వేదిక మీదే చెప్పాడు. 2024లో తిరగబడ్డ కథ: మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్, తల కనపడకుండా ముడుచుకున్న రాజహంసలాంటి ఫ్లెమింగో పక్షి నిజమైన ఫొటోను ఇంకో పోటీలో కృత్రిమ మేధ విభాగంలో పెట్టి బహుమతి గెలిచాడు. సంగతి చెప్పగానే అతన్ని తొలగించారు. మూడు చోట్లా బొమ్మను చూసి ఎవరూ కనిపెట్టలేకపోయారు. పెట్టినవాడు చెబితేనే తెలిసింది.

అలెన్ దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. కాపీరైటు కోరుతూ ఆయన, ఆ బొమ్మ కోసం కనీసం 624 సార్లు మాటలు మార్చి మార్చి ఆదేశాలిచ్చానని వాదించాడు. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023 సెప్టెంబరులో కుదరదంది. ఆ ఆదేశాల పాఠం చూపించమని పత్రికవాళ్లు అడిగితే మాత్రం ఆయన ఇవ్వలేదు. పోవ్-రే వాడూ మాటలు రాసి బొమ్మ రాబట్టినవాడే, అలెన్ కూడా మాటలు రాసి బొమ్మ రాబట్టినవాడే. ఒకరు రాతను ముందు పెట్టి బొమ్మను పక్కన పెట్టారు, ఇంకొకరు బొమ్మను పెట్టి రాతను జేబులో పెట్టుకున్నారు.

అయితే ఆ పాత ఫారమే మళ్లీ ముందు పెడితే చాలదా, ఆదేశాలు కూడా జతచేయమంటే సరి కదా అని కొందరు యువకులు నన్ను అడిగారు. కొన్ని పోటీలు ఇప్పుడు అలాంటివి అడుగుతున్నాయి కూడా. ఫొటో పోటీలైతే కెమెరా ముడి ఫైలు చూపించమంటాయి. చాలదనే నా అభిప్రాయం. పోవ్-రే రాతలో నీడ ఎందుకు అక్కడ పడిందో అడిగితే జవాబుంది: దీపం అక్కడుంది కాబట్టి. కారణం రాసినవాడి చేతిలోనే ఉంది. ‘రాజభవనంలో సంగీత సభ, గుండ్రటి కిటికీ’ అని అడిగి తెచ్చుకున్న బొమ్మలో నీడ ఎందుకు అక్కడ పడిందంటే, ఆదేశంలో జవాబు దొరకదు. అది ఎవరెవరో ఎప్పుడెప్పుడో వేసిన, తీసిన బొమ్మల్లోంచి వచ్చింది. స్టేబుల్ డిఫ్యూజన్ అనే నమూనాకు శిక్షణ ఇచ్చిన చిత్రాలు తీసుకున్న లయాన్ సంచయంలో 585 కోట్ల చిత్రం-వాక్యం జంటలున్నాయి. మిడ్‌జర్నీ వాళ్లు దేనితో నేర్పారో పూర్తిగా చెప్పనే లేదు. ‘చెట్టు నాది కాదు, ఫలానా వారిది’ అని నిజాయితీగా రాసే ఆ పాత గడి ఉందే, వాడిన ఇతర పనిముట్లు అనేది, అందులో ఇవాళ ఎవరి పేరు రాయాలి? రాయాలనుకున్నవాడు కూడా రాయలేడు. చిట్టా దాచడం వేరు, చిట్టా అసలు లేకపోవడం వేరు. కొత్త పోటీలు మొదటిదాన్ని శిక్షించే నియమాలు చేస్తున్నాయి. రెండోదాని జోలికి ఇంకా పోలేదు.

విద్యార్థులు వచ్చారు కాబట్టి వాళ్ల కోసం ఒక పని చెప్పి దిగిపోతాను. పోవ్-రే ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతుంది; 2013లో వచ్చిన 3.7 కూర్పు ఈనాటి ల్యాప్‌టాప్‌ల మీద బాగానే నడుస్తుంది. దానితోపాటే నమూనా దృశ్యాలు వస్తాయి. గాజు వస్తువున్న దృశ్యం ఒకటి తెరవండి. అందులో ఐ.ఓ.ఆర్. అనే చోట ఒకటిన్నర చుట్టుపక్కల ఒక అంకె ఉంటుంది, కాంతి గాజులో ఎంత వంగుతుందో చెప్పే అంకె. దాన్ని 1.33 చేసి మళ్లీ నడపండి. అప్పట్లో రాత్రంతా పట్టిన పని నిమిషాల్లో అయిపోతుంది. గాజు నీరవుతుంది. వెనకున్న గీతలు ఎటు జరిగాయో, ఎందుకు జరిగాయో పక్కన ఒక కాగితం మీద రాసుకోండి.